అమ్మమ్మ తల్లి ఫొటో

“ఫొటోలు తీయడానికి కూడా ఒక చదువటే? ఫోను ఎత్తి పట్టుకుంటే అదే పడుతోంది గదా!” అని మా మేనత్త నన్నడిగెను. నేను డిగ్రీ తరగతిలో డిజిటల్ ఛాయాగ్రహణమును, చిత్రములను కంప్యూటరుపై దిద్దు పనిని ఒక పాఠ్యవిషయముగా తీసికొంటినని వినిననాటి మాట యిది. అప్పుడు నాకు సమాధానము తోచలేదు. ఇప్పటి కొక సంవత్సరము గడచినది. గురువులకు ఆరు పనులు చేసి యిచ్చితిని. వానిలో రెండింటియందు నేను పెద్ద తప్పు చేసితిని. మార్కులు మాత్రము ఆ రెండింటికే యెక్కువ వచ్చినవి! ఆ సంగతి సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట కెమేరా లోపల నేమి జరుగునో మనవి చేసెదను. పూర్వము ఫిల్మున్న చోట నేడు సెన్సరనెడి చిన్న పలక యుండును. దానిపై ముగ్గుచుక్కల వలె వరుసలు తీరి మిక్కిలి సూక్ష్మములైన గదులుండును. ఒక్కొక్క గది తనపై బడిన వెలుతురును కొలువగా, ఆ కొలత అంకెగా మారును. అడ్డముగా 6000, నిలువుగా 4000 చుక్కలున్న కెమేరాలో మొత్తము 2 కోట్ల 40 లక్షల చుక్కలన్నమాట. వీనినే పిక్సెళ్ళందురు. మనము సాధారణముగా దాచుకొను ఫొటోలో ప్రతి చుక్కకును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వన్నెలకు మూడంకెలుండును. ఒక్కొక్క అంకె 0 మొదలు 255 వరకు. మూడును 0 అయిన కటికనలుపు. మూడును 255 అయిన తెల్లని తెలుపు.

ఇందొక విచిత్రమున్నది. ఆ చుక్క వెలుతురునే గాని రంగు నెరుగదు. అందుచేత ప్రతి చుక్కపైనను ఒక రంగుటద్దమును బిగింతురు. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన పద్ధతి ననుసరించి సగము చుక్కలకు ఆకుపచ్చ, పాతికవంతునకు ఎరుపు, పాతికవంతునకు నీలము. మన కన్ను ఆకుపచ్చ వెలుగులో వివరములను బాగుగా పట్టునని దానికి పెద్దవాటా యిచ్చినారు. అనగా ఒక్కొక్క చుక్క ఒక్క రంగునే కొలుచును. తక్కిన రెండింటిని ఇరుగుపొరుగు చుక్కలను చూచి యంత్రము లెక్కగట్టి పూరించును. ఎవరును ముట్టని ఫొటోలో గూడ రంగుల అంకెలలో మూడింట రెండుపాళ్ళు ఊహయే యని తెలిసిననాడు నాకు కొంత దిగులు కలిగెను.

ఈ విద్య పసిబిడ్డతో మొదలయినదనిన మీకు ముచ్చటగా నుండవచ్చును. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అను ఇంజనీరు మూడు నెలల వయసుగల తన కుమారుని ఫొటోను మొట్టమొదట కంప్యూటరులోని కెక్కించెను. అడ్డముగా 176 చుక్కలు, నిలువుగా 176 చుక్కలు, అంతే. 1975లో స్టీవెన్ సాసన్ కొడాక్ సంస్థయందే ఫిల్ము లేని కెమేరా నొకదానిని కట్టెను. ఒక్క బొమ్మను క్యాసెట్టుపై వ్రాయుటకు దానికి 23 సెకండ్లు పట్టెడిదట. దిద్దుబాటునకు నేడు లోకమంతట పేరుపడిన ఫొటోషాపు 1990లో వెలువడినది.

దిద్దుట మాత్రము కంప్యూటరుతో పుట్టినది గాదు. 1858లోనే ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్‌సన్ అయిదు నెగెటివులను కలిపి, అవసానదశలో నున్న యొక బాలికయు, ఆమె చుట్టు బంధువులును గల చిత్రమును కల్పించెను. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికవారు అడ్డముగా తీసిన చిత్రము తమ నిలువు ముఖపత్రమున కిముడుటకై ఈజిప్టు పిరమిడ్లను దగ్గరకు జరిపినారు! ఆ విషయమై పత్రికాలోకమున పెద్ద చర్చ జరిగెను.

హైదరాబాదులో ఆరవ నిజాముకడ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా లాలా దీనదయాళు 1892లో స్త్రీలకై జనానా స్టూడియోను వేరుగా నెలకొల్పి, దానిని కెన్నీ లెవిక్ అను ఆంగ్లేయ వనిత చేతి కొప్పగించెను. ఘోషాలోని స్త్రీలు పరపురుషుని యెదుట గూర్చుండ నక్కరలేకుండ అక్కడ ఫొటోలు తీయించుకొనిరి. కెమేరా వెనుక స్త్రీ నిలుచుట మన దేశమున నూటముప్పది యేండ్లకు పైబడిన మాట యని మా మేనత్తకు చెప్పితిని. “అదంతా నవాబుల ఇళ్ళలోని సంగతి లేవే” అని యామె కొట్టివేసెను.

నా మొదటి పని మా వంటిల్లు. తెల్లవారుజామున అమ్మ యిడ్డెనలు దింపుచుండగా ఆవిరి బాగుగ పడునని తీసితిని. చీకటి గదిని చూచి వెలుతురు చాలదని కెమేరా తలచినది కాబోలు, తాననుకొన్నంత లోనికి తీసికొన్నది. గోడలు చక్కగా వచ్చినవి, ఇడ్డెనలు సున్నపుముద్దలైనవి. అంకె 255కు చేరిన తరువాత ఆ తెలుపులో వివరమేమియు మిగులదు. నీడలో దాగినదానిని కొంతవరకు పైకి లాగవచ్చును గాని తెలుపులో పోయినది తిరిగి రాదు. చారులో ఉప్పు తక్కువైన వేసికొనవచ్చును, ఎక్కువైన నేమి చేయగలము? ఆనాటినుండి తెల్లని వస్తువు లున్నప్పుడు వెలుతురును ఒక మెట్టు తగ్గించియే తీయుచున్నాను.

ఇక నా తప్పుల సంగతి.

మా పిన్ని కూతురు నాకంటె మూడేండ్లు పెద్ద. ఆమెకు సంబంధములు చూచుచుండిరి. “నీ చదువు మాకూ కాస్త అక్కరకు రానీయవే. అక్క ఫొటో కొంచెం తేటగా వచ్చేట్టు చెయ్యి” అని పిన్ని కోరెను. తేటయనగా నేమో నాకును తెలియును, మీకును తెలియును. ముఖము భాగమును వేరుచేసి అంకెలను పైకి జరిపితిని. కంటిక్రింది నీడను తుడిచితిని. చర్మపు గరుకును నునుపు చేసితిని. అరగంట పని. దానినే తరగతిలో రూపచిత్రముగా గూడ ఇచ్చి మెప్పు పొందితిని. వరునివారు వచ్చిరి. వరుని తల్లి తన చేతి ఫోనులోని బొమ్మను, ఎదుట గూర్చున్న అక్కను మార్చి మార్చి చూచెను. ఏమియు ననలేదు. కాఫీ త్రాగి, పోయివత్తుమని చెప్పి వెళ్ళిరి.

ఆ రాత్రి అక్క నాతో, “వాళ్ళు అనలేదే. నేను బాగా లేనని వాళ్ళకంటే ముందు నువ్వన్నావు” అనెను.

దీనికి బదులు చెప్పుటకు నాకు నోరు రాలేదు. పది దినములైన తరువాత ఆమెను బ్రతిమాలి, ఎండ నేరుగ పడని ఉత్తరపు కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టి క్రొత్తగా ఫొటో తీసితిని. కిటికీకి ఎదురుగా తెల్లని దుప్పటి నొకదానిని వ్రేలాడదీసిన, రెండవ చెంపపై నీడ మెత్తబడును. ముఖమునకు తగినట్లు వెలుతురును సరిచూచుకొంటిని. తరువాత ఒక్క అంకెను గూడ మార్చలేదు. చామనచాయ ముఖమునకు ప్రక్కవెలుతురు తెచ్చు నిగ్గు ఏ దిద్దుబాటును తేలేదు. ఆ ఫొటోను అక్క తన ఆఫీసు కార్డునకు పెట్టుకొన్నది. సంబంధము ఇంకను కుదురలేదు.

రెండవది అమ్మమ్మ పని. అమ్మమ్మకు తన తల్లి ఫొటో యొక్కటే కలదు. 1941 ప్రాంతమున, పెండ్లియైన క్రొత్తలో బందరులో తీయించినదట. అమ్మమ్మకు తొమ్మిదవయేట ఆ తల్లి గతించినది. పోస్టుకార్డంత కాగితము. వెనుక అట్టను చెదలు కొరికినవి. ఒక మూల తేమ తగిలి ఉబ్బినది. ముఖముపై నాలుగైదు మరకలు. దానిని అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కాను చేసి మూడు వారములు కూర్చుంటిని. చిరిగిన చీరెకు ఆ చీరె అంచులోని పోగునే తీసి రఫ్ఫు చేసినట్లు, మరక ప్రక్కనున్న మంచి భాగమును తెచ్చి మరకపై పరచుట యీ పనిలోని కీలకము. పరచినదంతయు విడి పొరలపై నుండును. క్రింది అసలు బొమ్మ చెక్కుచెదరదు. ఆ పొరల యేర్పాటే నన్ను కాపాడినది.

తరగతిలో గురువుగారు “మిక్కిలి శుభ్రముగా చేసితివి” అని వ్రాసిరి. ఆ పొంగుతో ఇంటికి వచ్చి అమ్మమ్మకు చూపితిని. ఆమె కండ్లద్దాలు తుడిచికొని చాలసేపు చూచెను.

“ఎవరే యీవిడ?” అనెను.

నాకు గుండె జారినది. “మీ అమ్మగారే, అమ్మమ్మా.”

“మా అమ్మకి గడ్డం మీద పచ్చబొట్టుండేది. నిద్దరొచ్చేదాకా దాన్ని వేలితో రుద్దుతూ పడుకునేదాన్ని. అదేదీ?”

ఆ నాలుగైదు మరకలలో నొకటి మరక గాదు! నేను దానిని తేమ మచ్చ యనుకొని తుడిచివేసితిని. ఎందుకిట్లయ్యెనని తరువాత చదివి తెలిసికొంటిని. ఆ కాలపు స్టూడియోలలో వాడిన ప్లేట్లలో అనేకము నీలమును మిక్కుటముగా గ్రహించును గాని ఎరుపును గ్రహింపలేవు. అందుచేత నీలివన్నెగల పచ్చబొట్టు వెలిసిపోయినట్లు పడును. ఎర్రని కుంకుమ నల్లగా పడును. పాత ఫొటోలలో మన పెద్దల బొట్లన్నియు కాటుక చుక్కలవలె నుండుట మీరును చూచియే యుందురు.

ఆ ఒక్క పొరను తొలగించినంతనే పచ్చబొట్టు తిరిగి వచ్చెను. అమ్మమ్మ తెరపై వ్రేలుంచి దానిని తాకెను. రంగులు గూడ వేయవచ్చునా యని యడిగినది. దానంతటదే రంగులద్దు యంత్రములు నేడు గలవు. లక్షలకొలది బొమ్మలను చూచి నేర్చిన ఊహతో అవి పూయును. ఒకదానిని ప్రయత్నించి చూచితిమి. అది చీరెకు నీలము పులిమి, కుంకుమబొట్టును నల్లగనే విడిచినది. “నీలమో కాదో నాకూ తెలీదు. ఉన్నట్టే ఉండనీ” అని అమ్మమ్మ యనెను. నలుపు తెలుపులలోనే అచ్చు వేయించి, ఏయే చోట్ల బాగుచేసితినో వెనుక పెన్సిలుతో వ్రాసితిని. చెదలు కొరికిన మూలను అట్లే యుంచితిని.

మీ యిండ్లలోను ఇట్టి ఫొటోలుండును గదా! స్కానరు లేకున్నను భయము లేదు. ఫొటోను కిటికీ వెలుతురున బల్లపై పరచి, ఫ్లాషు ఆర్పి, ఫోనును దానికి సరిగా సమాంతరముగ పట్టి తీయుడు. గాజుపలక కంటుకొన్న ఫొటోను మాత్రము పెరికి తీయకుడు; ముఖము గాజుకే మిగిలిపోవును. అట్టి దానిని గాజుతోనే తీయవలెను. తీసినదాని నొక ప్రతిని ముట్టకుండ దాచి, వేరొక ప్రతిపై పని చేయుడు. జేపెగ్ రూపమున దిద్ది భద్రపరచిన ప్రతిసారియు కొంత వివరము నశించును, టిఫ్ రూపమున నశింపదు. అన్నిటికంటె ముందు, ఆ ముఖము నెరిగినవారు బ్రతికియుండగనే వారి ప్రక్కన కూర్చుండి, ఏది మరకయో ఏది కాదో యడుగుడు. నేనడుగలేదు.

మొన్న మా మేనత్త తన పెండ్లినాటి గ్రూపు ఫొటోను కవరులో పెట్టి పంపెను. ఒక మూల చిరిగినది, దానిని అతికింపవలెనట. క్రింద చిన్న చీటీ గూడ నున్నది: “ఎడమ చివర నిలబడ్డది మా తోడికోడలు. ఆవిడను తీసేయడం కుదురుతుందేమో చూడు.” చిరిగిన మూలను బాగుచేసితిని. చీటీకి ఇంకను జవాబు వ్రాయలేదు.