పెద్దవారిలో చలి, వణుకు – నిర్లక్ష్యం తగదు

గత శీతాకాలంలో మా టౌన్‌షిప్‌లో జరిగిన ఒక సంఘటన ఈ వ్యాసానికి ప్రేరణ. మా సహోద్యోగి ఒకరు రాత్రి షిఫ్టులో ఉన్నారు. ఇంట్లో ఉన్న ఆయన తల్లిగారు, వయస్సు 74 సంవత్సరాలు, అర్ధరాత్రి దాటిన తరువాత ఒక్కసారిగా గజగజ వణకసాగారు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. పడుకున్న మంచం కూడా కదులుతున్నది. కోడలుగారు రెండు రగ్గులు కప్పి, అరికాళ్ళు రాచి, మిరియాల పాలు తాగించారు. థర్మామీటరు పెట్టి చూస్తే 98 డిగ్రీలు. జ్వరం లేదు కదా, చలిగాలి తగిలి ఉంటుందని ఊరట చెందారు. అరగంటకు వణుకు తగ్గి పెద్దావిడ నిద్రలోకి జారుకున్నారు. తెల్లవారి ఇల్లు చేరిన కుమారుణ్ణి చూసి ఆమె, "ఎవరు బాబూ మీరు?" అని అడిగారు.

ఆసుపత్రిలో పరీక్షించగా మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షను రక్తంలోనికి వ్యాపించిందని తేలింది. అప్పటికే రక్తపోటు బాగా పడిపోయింది. మూత్ర విసర్జన సమయంలో మంట రెండు రోజులుగా ఉన్నదట. అటువంటి విషయం ఎవరితో చెప్పడమని ఆమె మౌనం వహించారు. రాత్రిపూట మాటిమాటికీ లేవవలసి వస్తున్నదని మంచినీళ్ళు తాగడం కూడా తగ్గించారు. మన ఇళ్ళలోని పెద్దలు చాలామంది చేసే పనే ఇది.

ఆ ఇంటివారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆ స్థానంలో మేమున్నా థర్మామీటరు మాటనే నమ్మేవాళ్ళం. అయితే వణుకు వచ్చిన ఆ అరగంటలో థర్మామీటరు చెప్పేది నమ్మదగినది కాదు. దానికి కారణం తెలుసుకోవడం అవసరం.

మన మెదడులో శరీరోష్ణోగ్రతను నియంత్రించే కేంద్రం ఒకటి ఉన్నది. దాని పేరు హైపోథలామస్. సాధారణంగా అది శరీరాన్ని 98.6 డిగ్రీల దరిదాపుల్లో నిలుపుతుంది. సూక్ష్మజీవులు రక్తంలో ప్రవేశించినప్పుడు వెలువడే కొన్ని రసాయనాల ప్రభావంతో ఆ కేంద్రం తన లెక్కను మార్చుకొని, ఉండవలసిన వేడి 102 లేక 103 డిగ్రీలని నిర్ణయించుకుంటుంది. అప్పుడు 98 డిగ్రీల వద్ద ఉన్న శరీరం దాని దృష్టిలో చల్లబడిపోయినట్లే లెక్క. వెంటనే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. అందుకే చేతులూ కాళ్ళూ మంచుముక్కల్లా తగులుతాయి. వేడి పుట్టించడానికి కండరాలు వేగంగా బిగుసుకొని వదులవుతూ ఉంటాయి. మన కంటికి కనబడే వణుకు అదే. అంటే వణుకు ముందు, జ్వరం వెనుక. కనుక అరగంట తరువాత ఒకసారి, గంట తరువాత మరొకసారి తిరిగి చూడాలి. ఆ ఇంట్లో అలా చూడలేదు. నిద్రపోతున్న మనిషిని లేపడమెందుకని ఊరుకున్నారు.

వృద్ధుల విషయంలో మరొక చిక్కు ఉన్నది. వారి శరీరోష్ణోగ్రత సహజంగానే కొంత తక్కువ. ఇన్ఫెక్షనుకు వారి శరీరం యువకుల శరీరం వలె తీవ్రంగా స్పందించదు. నోటిలో 100 డిగ్రీలు దాటినా, ఆ వ్యక్తికి మామూలుగా ఉండే వేడికన్నా 2 డిగ్రీలు పెరిగినా దానిని జ్వరంగానే వైద్యులు పరిగణిస్తారు. మామూలుగా 97 ఉండేవారికి 99 కూడా జ్వరమేనన్నమాట. మోకాళ్ళ నొప్పులకు రోజూ పారాసిటమాల్ వేసుకునేవారిలో, స్టెరాయిడ్లు వాడేవారిలో జ్వరం బయటపడకపోవచ్చు. కొందరిలో వేడి 96 డిగ్రీలకు దిగిపోతుంది. అది మరింత ప్రమాదకరమైన లక్షణం.

జ్వరానికి బదులు వారిలో కనిపించేవి వేరు. తిండి మానేస్తారు, మగతగా ఉంటారు, నడుస్తూ తూలిపడతారు, మాట తడబడుతుంది, మనుషులను పోల్చుకోలేరు. వయస్సు మీద పడిన చాదస్తమని సరిపెట్టుకోవడం మనకు అలవాటు. కానీ చాదస్తం ఒక్క రాత్రిలో రాదు. నిన్నటివరకు దినపత్రిక చదివిన మనిషి ఈ ఉదయం తేదీ చెప్పలేకపోతే అది వ్యాధి లక్షణం.

అన్ని చలులూ ఒకటి కావు. పలుచని దుప్పటితో తీరేది ఒకటి, మందపాటి రగ్గు కావలసినది మరొకటి. ఎన్ని రగ్గులు కప్పినా ఒళ్ళంతా అదిరిపోతూ ఆపుకోలేని వణుకు మూడవది. ఈ మూడవ రకంలో రక్తంలో సూక్ష్మజీవులు చేరి ఉండే అవకాశం ఎక్కువ.

తెలుగులో ఈ వణుకును చూడగానే చలిజ్వరమనడం, చలిజ్వరమనగానే దోమను తలచుకోవడం తరతరాల నుండి ఉన్నది. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనుగొన్నది సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. మలేరియా నేటికీ ఉన్నది, దానికి రక్తపరీక్ష చేయించవలసిందే. పొదలలో, గడ్డిలో ఉండే అతి చిన్న కీటకం కాటు వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా ఉన్నది. దానికి ఒంటిపై ఎక్కడో ఒకచోట నల్లని పెచ్చు ఆనవాలుగా ఉండవచ్చు. కానీ పెద్దవారిలో దోమ మీదే దృష్టి నిలిపితే అసలు కారణం తప్పిపోతుంది. మూత్రనాళం, ఊపిరితిత్తులు, పైత్యరస నాళం, మధుమేహ రోగుల కాలి పుండు – ముందుగా అనుమానించవలసినవి ఇవి. ప్రొస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం పూర్తిగా రాని పురుషులు, మూత్రానికి గొట్టం అమర్చినవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. న్యుమోనియా ఉన్నా వృద్ధులు పెద్దగా దగ్గకపోవచ్చు. వణుకుతోపాటు కళ్ళు పచ్చబడి, కుడి డొక్క పైభాగంలో నొప్పి ఉంటే పైత్యరస నాళంలో అడ్డంకి ఏర్పడి ఉండవచ్చు.

ఇన్ఫెక్షనుతో సంబంధం లేని వణుకు ఒకటి ఉన్నది. మధుమేహానికి మందులు వాడుతున్నవారు భోజనం ఆలస్యం చేసినప్పుడు రక్తంలో చక్కెర పడిపోయి చేతులు వణుకుతాయి, చల్లని చెమట పోస్తుంది, గుండె దడదడలాడుతుంది. గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారిలో, మూత్రపిండాలు బలహీనపడినవారిలో ఇది ఎక్కువ. ఇంట్లో మిషను ఉంటే చూడాలి. 70కి తక్కువైతే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏదీ పోయరాదు. ఈ మాత్రల ప్రభావం చాలాసేపు ఉంటుంది కనుక తేరుకున్న తరువాత కూడా డాక్టరుకు చూపించాలి. అటెనొలాల్ వంటి రక్తపోటు మాత్రలు వేసుకునేవారిలో వణుకు, దడ తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. నెలల తరబడి మెల్లగా పెరిగే పార్కిన్‌సన్స్ వణుకు వేరు, దానిలో చలి ఉండదు.

వణుకు ఆగక ముందే చేయవలసినది ఒక్కటే – డాక్టరుకు కబురు. మన ఆసుపత్రి దూరమైతే 108కి ఫోను చేయాలి. ఆ లోపల నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో గడియారం చూసి లెక్కపెట్టాలి. 22 గాని, అంతకు మించి గాని ఉన్నా, రక్తపోటులో పై అంకె 100 గాని, అంతకన్నా తక్కువ గాని ఉన్నా, మాట పొంతన లేకపోయినా ఉదయం దాకా ఆగరాదు. చలి ఉన్నంతసేపు దుప్పటి కప్పవచ్చు. ఒళ్ళు వేడెక్కి చెమట మొదలైతే తీసివేయాలి. వణుకుతున్న మనిషిని చల్లనీళ్ళతో తుడిస్తే వణుకు ఇంకా పెరుగుతుంది. బీరువాలో మిగిలిపోయిన ఆంటీబయాటిక్ మాత్ర వేయడం మంచిది కాదు. ఆసుపత్రిలో రక్తం తీసి ఏ సూక్ష్మజీవో పట్టుకునే పరీక్షకు అది అడ్డవుతుంది. రక్తపోటు మాత్ర వేయవలసిన వేళ అయితే డాక్టరును అడిగిన తరువాతనే వేయాలి. వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకువెళ్ళాలి.

మన ఉద్యోగులలో చాలామంది తల్లిదండ్రులు సొంత ఊళ్ళలో ఉంటున్నారు. వారు ఫోనులో "కొంచెం చలి పెట్టిందిరా, ఇప్పుడు బాగానే ఉంది" అంటారు. ఆ 'కొంచెం' ఎంతో అడిగి తెలుసుకోవాలి. పళ్ళు కొట్టుకున్నాయా, ఎన్ని దుప్పట్లు కప్పుకున్నారు, పక్కింటివారు ఏమంటున్నారు అని విడమరచి అడగాలి. పెద్దలు పిల్లలకు శ్రమ కలిగించకూడదని తమ బాధను సగానికి తగ్గించి చెబుతారు.

ఆ తల్లిగారు తొమ్మిది రోజుల తరువాత ఇల్లు చేరారు. మేము పరామర్శకు వెళ్ళినప్పుడు వరండాలో కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. పక్కన నీళ్ళ సీసా ఉన్నది. సాయంత్రం లోపల అది ఖాళీ కావాలన్నది కోడలుగారి షరతట. మమ్మల్ని పేరుపేరునా పలకరించారు. ఆ రాత్రి సంగతి మాత్రం ఆమెకు ఏమీ గుర్తు లేదు. "అంతగా వణికానా నేను?" అని కోడలి వైపు చూసి అడిగారు.