పరదేశంలో మనవారికి అండ

"సార్, మా అన్న దుబాయిలో పనిచేస్తున్నాడు. జీతం ఇవ్వడం లేదు. తిరిగి వద్దామంటే పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంది. ఏం చేయాలి?" అని ఒక విద్యార్థి ఆ మధ్య నన్ను అడిగాడు. కరీంనగర్, నిజామాబాదు, కడప జిల్లాలలోని అనేక కుటుంబాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు.

రాయబార కార్యాలయం పరదేశపు రాజధానిలో ఉండి అక్కడి ప్రభుత్వంతో వ్యవహారాలు నడుపుతుంది. ఇతర ముఖ్యనగరాలలో కాన్సులేట్లు ఉంటాయి. సౌదీ అరేబియాలో మన రాయబార కార్యాలయం రియాదులోను, కాన్సులేట్ జెద్దాలోను ఉన్నాయి. మన హజ్ యాత్రికుల యోగక్షేమాలు చూచేది జెద్దా కాన్సులేటే.

ఈ సేవలకు ఆధారం 1963 నాటి వియన్నా ఒడంబడిక. దాని 36వ అధికరణం ప్రకారం, నిర్బంధంలోకి తీసుకొన్న విదేశీయునికి తన కాన్సులేట్ సహాయం కోరే హక్కు ఉన్నదని అధికారులు వెంటనే తెలియజేయాలి. అతడు కోరినచో కాన్సులేట్‌కు కబురు చేయాలి. కుల్‌భూషణ్ జాదవ్ వ్యవహారంలో పాకిస్తాన్ ఈ నియమాన్ని ఉల్లంఘించినదని అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో తీర్పు చెప్పింది. అయితే "కోరినచో" అన్న మాట గమనింపదగినది. హక్కు ఉన్నదని తెలియనివాడు దానిని కోరలేడు.

కాన్సులేట్ అధికారానికి హద్దులు కూడా ఉన్నాయి. అది స్థానిక చట్టాన్ని కాదనలేదు, శిక్షను రద్దు చేయలేదు, మన అప్పులు తీర్చదు. కాని ఖైదీని చూడవచ్చును, న్యాయవాదిని ఏర్పాటు చేయవచ్చును, యజమానితో మాట్లాడవచ్చును. నిజంగా దిక్కులేని వారికి విమానపు ఖర్చు, మృతదేహాన్ని స్వదేశానికి చేర్చే ఖర్చు భరించడానికి 2009లో ఒక సంక్షేమనిధి కూడా ఏర్పడింది.

ఇక పాస్‌పోర్టు సంగతి. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వపు ఆస్తి, యజమాని సొత్తు కాదు. అది చేతికి రానప్పుడు స్వదేశానికి వచ్చుటకు మాత్రమే పనికివచ్చే అత్యవసర పత్రాన్ని కాన్సులేట్ ఇవ్వగలదు. అక్కడ కేసులేవైనా ఉంటే అవి తేలవలసిందే.

అందుచేత ఆ విద్యార్థితో, "మీ అన్నను దుబాయిలోని మన కాన్సులేట్‌కు స్వయంగా వెళ్లమను. నీవు ఇక్కడి నుండి విదేశాంగశాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' ద్వారా ఫిర్యాదు పంపు" అని చెప్పాను. కాని ఫిర్యాదుకు కావలసిన పాస్‌పోర్టు నకలు గాని, ఉద్యోగపు ఒప్పందం నకలు గాని వారి ఇంట్లో లేవు.

మన ఇండ్లనుండి ప్రయాణమయ్యేవారు ఆ రెండు నకళ్లు ఇంట ఉంచి, రాయబార కార్యాలయపు ఫోను నంబరు వెంట తీసుకొనిపోవడం మరువరాదు. ఈ మాట వారికి చెప్పడం చదువుకొన్న మన బాధ్యత.