న్యాయకళాశాలా ప్రవేశపరీక్షను మరల వ్రాయుట

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుచు, న్యాయశాస్త్రమునందు ఆసక్తి గల విద్యార్థులు పలువురు డిసెంబరు మాసమున క్లాట్ అనబడు ప్రవేశపరీక్షకు కూర్చుందురు. ఫలితము కొలది దినములలోనే వెలువడును. కోరిన విశ్వవిద్యాలయమునకు చాలిన ర్యాంకు రానివారిని ఆనాటినుండి ఒకటే చింత పట్టి పీడించును. మరుసటి డిసెంబరున మరల వ్రాయవలయునా, లేక దొరకిన చోట చేరవలయునా? దీనికి ఇంటివారొకటి, బంధువులొకటి చెప్పుదురు. కోచింగు సెంటరువారు మాత్రము మరల వ్రాయుమనియే చెప్పుదురు. వారి జీవనమే దానిపై ఆధారపడియున్నది గదా!

పూర్వము జాతీయ న్యాయవిశ్వవిద్యాలయములు వేటికవి పరీక్షలు జరుపుకొనుచుండెను. విద్యార్థి ఊరూర తిరిగి వానిని వ్రాయవలసివచ్చెడిది. ఈ కష్టమును గూర్చి 2006లో సుప్రీంకోర్టునందు ఒక వ్యాజ్యము దాఖలయ్యెను. తుదకు 2008లో ఏడు విశ్వవిద్యాలయములు కలిసి ఉమ్మడి పరీక్షను ప్రారంభించినవి. హైదరాబాదులోని నల్సార్ ఆ యేడింటిలో నొకటి. నేడు విశాఖపట్టణమునందలి దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయముతో సహా ఇరువదికి పైగా సంస్థలు ఇందు చేరియున్నవి. 2023 డిసెంబరున జరిగిన పరీక్ష మొదలుకొని ప్రశ్నలు 120, కాలము రెండు గంటలు. సరియైన సమాధానమునకు ఒక మార్కు. తప్పు సమాధానమునకు పావు మార్కు కోత. వయోపరిమితి లేదు, ఇన్నిసార్లే వ్రాయవలయునను నిర్బంధమును లేదు. కాని ఒక సంవత్సరపు మార్కు ఆ సంవత్సరపు ప్రవేశమునకే చెల్లును. మరుసటి యేడు దానికి విలువ లేదు.

మొదట తెలిసికొనవలసినది, వచ్చిన మార్కు విద్యార్థి శక్తికి ఖచ్చితమైన కొలత కాదని. ఇరువది ప్రశ్నలకు, నాలుగేసి సమాధానములలో ఒకదానిని గ్రుడ్డిగా గుర్తించిన విద్యార్థిని తలపోయుడు. సగటున ఐదు సరిపడును, పదునైదు తప్పును. ఐదు మార్కులలో మూడుముప్పావు పోగా ఒకటింబావు మిగులును. అదృష్టవశమున ఎనిమిది సరిపడినచో, తప్పిన పండ్రెండింటికి మూడు మార్కులు పోయి ఐదు మిగులును. రెండే సరిపడినచో, పదునెనిమిదింటికి నాలుగున్నర పోయి, ఇతర ప్రశ్నలవలన వచ్చిన మార్కులనుండియే రెండున్నర తరుగును. చదువులో లేశమైనను భేదము లేక, మార్కులలో ఏడున్నర భేదము! జాబితా నడుమ వేలకొలది విద్యార్థులు దగ్గర దగ్గర మార్కులతో గుమిగూడియుందురు గావున, అచ్చట ఒక్క మార్కే వందల ర్యాంకులను తారుమారు చేయును. పరీక్ష జరుపువారును పొరబాటునకు అతీతులు కారు. 2024 డిసెంబరు 1వ తేదీ పరీక్షయొక్క సమాధానములలోని తప్పులపై వేసిన వ్యాజ్యములు ఢిల్లీ హైకోర్టును దాటి సుప్రీంకోర్టు వరకు పోయి, 2025 మే మాసము దాక నడచినవి.

కనుక మూడు నాలుగు మార్కులలో సీటు తప్పినవానికి మరల వ్రాయుటయందు న్యాయమైన ఆశ గలదు. అయినను అదే అదృష్టము రెండవమారు వానిని క్రిందికి త్రోయనుగూడ వచ్చును. ముప్పది మార్కులు తక్కువైనవానికి అదృష్టము చేయగల సాయము లేదు. వానిలో ఏదో మారవలయును. ఏమి మారవలయునో తెలియక మరల వ్రాయువాడు మునుపటి ఫలితమునే మరల కొనితెచ్చుకొనును.

అది తెలిసికొను ఉపాయమొకటి కలదు. ప్రశ్నపత్రమును, తుది సమాధానములను ముందిడుకొని, గడియారము లేకుండ మొత్తము మరల చేయవలయును. అప్పుడు పోయిన మార్కులు కొన్ని రకములుగా విడిపోవును. నిదానముగా చేసినను తప్పినవి కొన్ని. కాలము చాలక ముట్టనివి కొన్ని. తొందరలో ప్రశ్నను అపార్థము చేసికొన్నవి కొన్ని. గ్రుడ్డిగా గుర్తించినవి తక్కినవి. ఇంట పరీక్షించినప్పుడు మార్కులు మిక్కిలి పెరిగినచో, లోపము జ్ఞానమున గాక వేగముననే యున్నదన్నమాట. ఈ పరీక్షలో సుమారు 450 మాటల గద్యభాగములు ఒకదానివెంట నొకటి వచ్చును. ప్రశ్నపత్రము ఇంగ్లీషునందే యుండును. తెలుగు మాధ్యమమున చదివిన మన బాలబాలికలు ఎక్కువగా ఓడిపోవునది ఇచ్చటనే. తెలివి తక్కువగుటచేత గాదు. ప్రతిదినము ఒక ఇంగ్లీషు దినపత్రికయొక్క సంపాదకీయమును గడియారము పెట్టుకొని చదివి, సారాంశమును రెండు వాక్యములలో వ్రాసికొనుచు వచ్చినచో, ఒక సంవత్సరమున ఈ లోపము చాలవరకు తీరును. ఇట్టివారు మరల వ్రాయుట మంచిదని నా యభిప్రాయము.

గణితము పదింట నొక వంతు మాత్రమే. పదవ తరగతి స్థాయి లెక్కలు. వానికై సంవత్సరమును వెచ్చింప పనిలేదు. వర్తమాన విషయముల సంగతి వేరు. అవి పత్రమున నాలుగవ వంతు. నిరుడు కంఠస్థము చేసినది ఈ యేడు చాలవరకు పాతబడును. మరల వ్రాయువాడు ఈ భాగమున క్రొత్తవానికంటె ముందున్నాడనుకొనుట భ్రమ.

అమెరికాలో నున్న మన బంధువులు, అచ్చట మూడుసార్లు వ్రాసినను నష్టము లేదని చెప్పుచుందురు. అచ్చటి ఎల్‌శాట్ పరీక్ష సంవత్సరమునకు పలుమార్లు జరుగును. మార్కు కొన్ని యేండ్లు చెల్లును. న్యాయకళాశాలలు సాధారణముగా హెచ్చు మార్కునే లెక్కించును. మరల వ్రాయుటకు అచ్చట కొలది మాసముల శ్రమ చాలును. ఇచ్చట అందులకు నిండు సంవత్సరము ధారపోయవలయును. ఆ సలహాను వినవచ్చును గాని, అనుసరింపరాదు.

ఆ సంవత్సరము వెల యింటింటికి వేరు. దరఖాస్తు రుసుమే నాలుగు వేల రూపాయలు. కోచింగు ఖర్చు చెప్పనక్కరలేదు. కొన్ని యిండ్లలో ఆడపిల్ల చదువు ఒక యేడు ఆగెనన్న, పెండ్లి మాటలు మొదలగును. అట్టి యింటి బాలిక చేతిలో ఏదో యొక సీటు లేకుండ ఇంట కూర్చుండి చదువుట ప్రమాదకరము. ఆమెకు లాసెట్ ద్వారా దొరకు సీటు రక్షణవంటిది. లాసెట్ మన రెండు రాష్ట్రములవారును వేర్వేరుగా జరుపు పరీక్ష. దానిని తెలుగున గూడ వ్రాయవచ్చును. తొంబది నిమిషములలో 120 ప్రశ్నలు. తప్పునకు కోత లేదు.

అట్టి కళాశాలలో చదివినవాడు తక్కువవాడను తలంపు సరికాదు. 1961 నాటి న్యాయవాదుల చట్టము క్రింద, గుర్తింపు గల ఏ కళాశాల పట్టమైనను న్యాయవాదిగా నమోదగుటకు చెల్లును. ఆపైన వ్రాయవలసిన అఖిలభారత బార్ పరీక్షయు అందరికి నొకటే. 2021–22లో భారత ప్రధాన న్యాయమూర్తిగా నుండిన ఎన్.వి. రమణగారు నాగార్జున విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివినవారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా నుండిన జాస్తి చలమేశ్వర్‌గారు ఆంధ్ర విశ్వవిద్యాలయపు పట్టభద్రులు. జాతీయ విశ్వవిద్యాలయమున మంచి గ్రంథాలయము, పెద్ద సంస్థలలో ఉద్యోగావకాశములు హెచ్చు, ఇది నిజము. కాని అచ్చట ఐదేండ్ల చదువునకు లక్షల రూపాయలగును. ఏ సీటును పొందుటకు ఏ సంవత్సరమును విడుచుచున్నామో కాగితముపై వ్రాసి చూచుకొనవలయును. ఎంత దూరమైనను సరే, ఏదో యొక జాతీయ విశ్వవిద్యాలయమున చివరి సీటు దొరకిన చాలునను కోరికకై ఏడాదిని విడుచుట నాకు సమ్మతము కాదు. మూడవమారు వ్రాయుటయు అట్టిదే; రెండవమారు లోటులో చాలభాగము తీరినవారికే అది తగును.

స్థానిక కళాశాలలో చేరి, చదువుచునే డిసెంబరున మరల వ్రాయువారును కలరు. ఇది మధ్యేమార్గము. అయితే సీటు మారినప్పుడు మొదటి సంవత్సరపు రుసుము సాధారణముగా తిరిగి రాదు. చదువును మొదటినుండియే ప్రారంభింపవలయును. కళాశాలవారికి అప్పగించిన అసలు సర్టిఫికెట్లను తిరిగి పొందుటకు వారి నిబంధనలేమో చేరుటకు ముందే వ్రాతమూలముగా అడిగి తెలిసికొనవలయును.

ఈ నిర్ణయమును డిసెంబరులోనే చేయ పనిలేదు. ఫలితము వచ్చిన కొలది వారములకే ఇంటర్మీడియట్ పరీక్షలు వచ్చును; క్లాట్ ప్రవేశమునకు సాధారణవర్గమువారికి అందు నూటికి 45 మార్కులుండవలయును. చింతతో వానిని పాడుచేసికొన్నవానికి రెండు దారులును ఇరుకగును. లాసెట్ వేసవి సమయమున జరుగును. దాని ర్యాంకు చేతికి వచ్చిన తరువాతనే మరుసటి క్లాట్ దరఖాస్తుల గడువు ముగియును. అప్పుడు రెండు కాగితములను ప్రక్కప్రక్కన నుంచుకొని తల్లిదండ్రులతో కూర్చుండి మాటలాడవచ్చును.