సిలిండర్ హెడ్: సీసీ దాదాపు అంతే.. పవర్ మాత్రం డబుల్! అసలు కిటుకు ఎక్కడుంది?

ఒకటి 349 సీసీ.. ఇంకొకటి 373 సీసీ. తేడా 24 సీసీ మాత్రమే. కానీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఇచ్చేది సుమారు 20 హార్స్‌పవర్ అయితే, 373 సీసీ పాత తరం కేటీఎం డ్యూక్ 390 ఇచ్చింది దాదాపు 43. ఇంత తేడా ఎలా? బోర్, స్ట్రోక్ కొలతలూ ఓ కారణమే. అయితే అసలు కథ చాలావరకు ఇంజిన్ పైభాగంలో ఉండే సిలిండర్ హెడ్‌లోనే ఉంది.

హెడ్ చేసే పనేంటి?

ఇంజిన్‌కు ఊపిరితిత్తుల్లాంటిది హెడ్. గాలి, పెట్రోల్ లోపలికి వచ్చేది, పొగ బయటికి పోయేది దీనిలోని వాల్వ్‌ల గుండానే. క్లాసిక్‌లో రెండు వాల్వ్‌లు, ఒకే క్యామ్‌షాఫ్ట్. డ్యూక్‌లో నాలుగు వాల్వ్‌లు, రెండు క్యామ్‌షాఫ్ట్‌లు. అందుకే ఎక్కువ ఆర్‌పీఎంలోనూ డ్యూక్ ఇంజిన్‌కు ఊపిరి ఆడుతుంది.

2022 నవంబర్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఇండియన్ రేసింగ్ లీగ్ కార్లు పరుగులు తీశాయి గుర్తుందా? వాటిలో ఉన్నది 1100 సీసీ అప్రిలియా ఇంజిన్. పవర్ సుమారు 220 హార్స్‌పవర్! అందులోనూ సిలిండర్‌కు నాలుగు వాల్వ్‌లే.

మరి ఏది ఎంచుకోవాలి?

బండిని ఎక్కడ నడుపుతారన్నదే ముఖ్యం. క్లాసిక్ పూర్తి టార్క్ 4 వేల ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది. సిద్దిపేట మీదుగా వెళ్లే రాజీవ్ రహదారిపై ఇద్దరు కూర్చుని సాఫీగా పోవడానికి అది చాలు. రేస్ హెడ్ బలమంతా పై ఆర్‌పీఎంలోనే. ట్రాఫిక్‌లో అది పెద్దగా పనికిరాదు.

పోర్ట్ పెద్దది చేస్తే పవర్ పెరుగుతుందా?

చాలామంది పొరబడేది ఇక్కడే. నీళ్ల పైపు మూతిని వేలితో నొక్కితే ధార దూరం చిమ్ముతుంది కదా.. గాలీ అంతే. పోర్ట్ మరీ వెడల్పు చేస్తే గాలి వేగం తగ్గి, కింది ఆర్‌పీఎంలో బండి లాగదు. అందుకే అనుభవమున్న ట్యూనర్లు ఫ్లో బెంచ్‌పై గాలిని కొలుస్తూ, వాల్వ్ సీట్ దగ్గరి మలుపును కొద్దికొద్దిగా సరిచేస్తారు. ఒకసారి చెక్కేసిన అల్యూమినియం మళ్లీ తిరిగి రాదు మరి!

ఫేసింగ్‌తో జాగ్రత్త

కంప్రెషన్ పెంచడానికి కొందరు హెడ్ ఫేసింగ్ కొట్టిస్తారు. క్లాసిక్‌లో కంప్రెషన్ రేషియో 9.5, డ్యూక్‌లో 12కి పైనే. అయితే డ్యూక్ ఇంజిన్‌ను మొదటి నుంచే దానికి తగ్గట్టు డిజైన్ చేశారు. మామూలు ఇంజిన్‌లో హెడ్ ఎక్కువ అరగదీస్తే నాకింగ్ మొదలవుతుంది, వాల్వ్ టైమింగ్ మారుతుంది. ఒక్కోసారి వాల్వ్ వెళ్లి పిస్టన్‌కే తగులుతుంది. అప్పుడు ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే.

ముందు ఇవి చూడండి

* హెడ్ వంగిందా? స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో కొలిపించండి. ఎంతవరకు పర్వాలేదన్నది కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది.
* సన్నని పగుళ్లు కంటికి కనిపించవు. డై టెస్ట్‌లో బయటపడతాయి.
* వాల్వ్ గైడ్‌లు అరిగితే సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ వస్తుంది.
* రెండు, నాలుగు సిలిండర్ల ఇంజిన్ అయితే అన్ని ఛాంబర్ల కొలత సమానంగా ఉండాలి.

చట్టం ఏమంటోంది?

కంపెనీ స్పెసిఫికేషన్లకు, ఆర్సీలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 నిషేధిస్తోంది. దొరికితే ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. రేస్ హెడ్ ఉండాల్సింది రేస్ ట్రాక్‌పైనే.

రోడ్డు బండికి కావాల్సింది కొత్త హెడ్ కాదు. ఉన్న హెడ్‌లో వాల్వ్‌లు లీకేజీ లేకుండా కూర్చుని, హెడ్ బోల్ట్‌లు టార్క్ రెంచ్‌తో సరిగ్గా బిగిస్తే పోయిన పికప్ చాలావరకు తిరిగొస్తుంది.