కొత్త నడకకు తప్పుడు కొలతలు: వ్యాయామపు అలవాటుపై అపోహలు – వాస్తవాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం వయోజనులు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు ఒక మోస్తరు శ్రమ చేయాలి. ఒక మోస్తరు శ్రమ అంటే, పక్కవారితో మాట్లాడగలిగినా పాట పాడడానికి మాత్రం ఊపిరి చాలనంత వేగంతో నడవడం వంటిది. ఈ కనీస పరిమితిని అందుకోలేనివారు 2022 నాటికి భారతదేశపు వయోజనుల్లో దాదాపు సగం మంది ఉన్నారని, పురుషుల్లో వారి వాటా 42 శాతం కాగా స్త్రీలలో 57 శాతమని 2024లో ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. వీరందరూ శ్రమంటే ఇష్టం లేనివారు కారు. జనవరి మొదటి వారంలోనో, షుగరు పరీక్ష రిపోర్టు చేతికందిన మర్నాడో కొత్త బూట్లు వేసుకొని హైదరాబాదులోని కేబీఆర్ పార్కుకో, విశాఖ బీచ్ రోడ్డుకో, ఊరి హైస్కూలు మైదానానికో బయలుదేరి, నెల తిరగకుండానే మానుకున్నవారు వీరిలో ఎందరో ఉంటారు. అలా మానుకున్నవారిని లోకం బద్ధకస్తులంటుంది, వారూ తమను తాము అలాగే నిందించుకుంటారు. కాని చాలా సందర్భాలలో వారిని ఆపింది బద్ధకం కాదు, తప్పుడు కొలత. ఎన్ని రోజులు, ఎన్ని అడుగులు, ఎంత చెమట, ఎంత నొప్పి, ఎన్ని కిలోలు అన్న లెక్కల్లో నోటి మాటగా చేరిన పొరపాట్లు, సవ్యంగానే నడుస్తున్న మనిషికి తాను ఓడిపోయానన్న భావన కలిగిస్తాయి.

అపోహ: ఇరవై ఒక్క రోజులు ఓపిక పడితే అలవాటు దానంతటదే కుదురుతుంది.

ఈ లెక్కకు మూలం వ్యాయామ శాస్త్రంలో లేదు. అమెరికాకు చెందిన ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో ప్రచురించిన పుస్తకంలో, ముఖానికి శస్త్రచికిత్స చేయించుకున్నవారు అద్దంలోని తమ కొత్త రూపానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులైనా పడుతోందని తన అనుభవాన్ని రాశారు. ఆ మాట చేతులు మారుతున్న కొద్దీ ‘కనీసం’ అన్న పదం జారిపోయింది, ముఖం సంగతీ మరుగున పడింది, చివరికి ఏ అలవాటుకైనా వర్తించే నియమంగా 21 మిగిలింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని 84 రోజుల పాటు పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కొత్త పని ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి చేరడానికి పట్టిన కాలపు మధ్యస్థ విలువ 66 రోజులు. మధ్యస్థ విలువ అంటే సగం మందికి అంతకు తక్కువ, మిగతా సగం మందికి అంతకు ఎక్కువ పట్టిందని అర్థం. వ్యక్తికీ వ్యక్తికీ తేడా మాత్రం 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉండవచ్చని అంచనా కట్టారు. భోజనంతో పాటు ఒక గ్లాసు నీళ్లు తాగడం వంటి చిన్న పనుల కంటే వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. కనుక ఇరవై రెండో రోజున కూడా అలారం మోగితే లేవబుద్ధి కాకపోవడం మనసు బలహీనతకు గుర్తు కాదు. పని ఇంకా సగంలో ఉందనే దాని అర్థం.

రోజుల సంఖ్య కన్నా ముఖ్యమైన విషయం ఆ అధ్యయనంలో మరొకటి ఉంది. పాల్గొన్నవారు కొత్త పనిని రోజూ ఏదో ఒక వేళకు కాక, ‘ఉదయం టిఫిను తిన్నాక’ అన్నట్టుగా ఒక సూచనకు కట్టివేసుకున్నారు. సూచన అంటే రోజూ ఎలాగూ జరిగే ఒక సంఘటన, దాని వెంటే కొత్త పని గుర్తుకొస్తుంది. అయ్యప్ప దీక్షను ఎరిగిన తెలుగువారికి ఈ సంగతి కొత్తది కాదు. మండల కాలం పాటు తెల్లవారకముందే లేచి చన్నీళ్ల స్నానం చేసినవారిలో కొందరు మాల తీసిన వారానికే పాత వేళకు లేవడం చూసి, దీక్ష వల్ల అలవాటు కాలేదని అనుకోవడం సరి కాదు. ఆ రోజుల్లో వారిని లేపినది మెడలోని మాల, ఒంటి మీది నల్లబట్టలు, ‘స్వామీ’ అన్న పిలుపు, వేరుగా వండిపెట్టే ఇల్లు. అవన్నీ ఒక్కసారిగా తొలగిపోయినప్పుడు లేవడానికి ఆధారమూ తొలగిపోయింది. నడకకు అంత కట్టుబాటు అక్కర్లేదు గాని, గుమ్మం పక్కన రాత్రే తీసి పెట్టిన బూట్లు, మలుపు దగ్గర ఎదురుచూసే స్నేహితుడు, పాలప్యాకెట్టు తేవడానికి ఎలాగూ బయటికి వెళ్లే వేళ – ఈ మూడింటిలో ఏ ఒకటైనా గట్టి సంకల్పం కన్నా ఎక్కువ కాలం నిలబడుతుంది.

అపోహ: రోజుకు పది వేల అడుగులు పడకపోతే నడిచినా నడవనట్టే.

జపానులో 1965లో యమాసా అనే సంస్థ నడుముకు తగిలించుకునే అడుగుల లెక్కింపు పరికరాన్ని ‘మాన్‌పో-కేయ్’ అన్న పేరుతో అమ్మకానికి పెట్టింది. ఆ భాషలో ‘మాన్’ అంటే పది వేలు, ‘పో’ అంటే అడుగు, ‘కేయ్’ అంటే కొలిచేది. టోక్యో ఒలింపిక్స్ ముగిసిన మరుసటి ఏడాది జనంలో ఉన్న ఉత్సాహానికి తగినట్టు పెట్టిన ఆ పేరే నేడు చేతి గడియారాల్లోనూ ఫోన్లలోనూ లక్ష్యంగా కనిపిస్తోంది. హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది అమెరికన్ స్త్రీలను గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారితో పోలిస్తే 4,400 అడుగులు వేసేవారిలో మరణాల రేటు 41 శాతం తక్కువగా ఉంది. సుమారు 7,500 అడుగుల తర్వాత అదనపు ప్రయోజనం కనిపించలేదు. జబ్బున్నవారు సహజంగానే తక్కువ నడుస్తారు కాబట్టి ఆ తేడా మొత్తాన్నీ అడుగులకే ఆపాదించకూడదు. అయినా కుర్చీలోంచి లేచిన మనిషి వేసే తొలి రెండు వేల అడుగులకు ఉన్న విలువ ఇతర పరిశోధనల్లోనూ కనిపిస్తూనే ఉంది. ఒకేసారి కనీసం పది నిమిషాలు చేసిన శ్రమనే లెక్కలోకి తీసుకోవాలన్న పాత నిబంధనను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తొలగించింది కూడా. అంటే బస్సు స్టాపు దాకా నడక, లిఫ్టు ఉన్నా ఎక్కిన రెండంతస్తులు అన్నీ ఖాతాలో పడేవే.

అపోహ: చెమట పడితేనే కొవ్వు కరుగుతుంది, నొప్పి పుడితేనే కండ పెరుగుతుంది.

చెమట కరిగిన కొవ్వు కాదు. ఒంటిని చల్లబరచడానికి శరీరం చర్మం మీదికి పంపే నీరు, ఉప్పు కలిసినదే చెమట. అది ఆవిరైపోతూ తనతో పాటు వేడిని తీసుకుపోతుంది. కోస్తా జిల్లాల్లో గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున అది ఆవిరి కాలేక కారిపోతుంది గనుక, చొక్కా తడిసి ముద్దయినా ఒళ్లు చల్లబడదు. అటువంటి వాతావరణంలో ఒంటికి ప్లాస్టిక్ కవర్లు చుట్టుకొని పరుగెత్తడం వల్ల తగ్గేది నీటి బరువే, అదీ రెండు గ్లాసుల మంచినీళ్లతో తిరిగి వస్తుంది. వడదెబ్బ ప్రమాదం మాత్రం నిజమైనది.

నొప్పి విషయం ఇంకొంచెం వివరంగా చూడవలసి ఉంది. అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 3,550 మెట్లు ఉన్నాయి. ఎక్కుతున్నప్పుడు ఆయాసపడనివారికి కూడా, ఆ మెట్ల మీదుగానే కాలినడకన దిగి వస్తే, మర్నాడు మంచం దిగేటప్పుడు తొడలు పట్టేసి గోడను పట్టుకోవలసి వస్తుంది. దిగడం తేలికని తోస్తుంది గాని, ప్రతి మెట్టు దగ్గరా తొడ ముందుభాగపు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. సాగుతూ బరువు మోసే ఈ రకం పని అలవాటు లేని కండరపు పోగుల్లో అతి సూక్ష్మమైన గాయాలు చేస్తుంది, వాటి చుట్టూ వచ్చే వాపు వల్ల నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య తారస్థాయికి చేరుతుంది. కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్లే ఈ నొప్పి అని చాలామంది నమ్ముతారు గాని, అది శ్రమ ఆగిన గంట, గంటన్నరలోనే రక్తం ద్వారా తొలగిపోతుంది కనుక మర్నాటి నొప్పికి బాధ్యత దానిది కాదు. అదే మెట్లను కొన్ని వారాల్లో మళ్లీ దిగితే నొప్పి చాలా తక్కువగా ఉంటుంది. శ్రమ తగ్గినందుకు కాదు, కండరం ఈలోగా సర్దుకున్నందుకు. కాబట్టి నొప్పి ఆ పని ఎంత కొత్తదో చెబుతుందే తప్ప ఎంత మేలు చేసిందో చెప్పదు. నొప్పి లేని రోజు వృథా అని జిమ్‌లో మొదటి వారమే బరువులు పెంచుతూ పోయేవారు, రెండో వారం మెట్లెక్కలేక మానేయడం ఈ అపోహ చేసే అసలు నష్టం. దీనికి భిన్నంగా కీలులో పొడిచినట్టుండే నొప్పి, ఛాతీ బిగపట్టడం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి కొత్తదనానికి సంబంధించినవి కావు. అవి కనిపించిన క్షణమే ఆగి వైద్యుని దగ్గరికి వెళ్లాలి.

అపోహ: నెల రోజులు నడిచినా కాటా ముల్లు కదలలేదంటే ఫలితం లేనట్టే.

ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి నిల్వ ఉంటుంది. 65 కిలోల మనిషి అరగంట సేపు ఒక మోస్తరు వేగంతో నడిస్తే ఖర్చయ్యేది 120 కేలరీలకు అటూ ఇటూ. తిండిలో ఏ మార్పూ లేకుండా రోజూ నడిచినా ఒక కిలో తగ్గడానికి రెండు నెలలు పడుతుందన్నమాట. నడక ముగించి దారిలో పునుగులు, తీపి టీ తీసుకుంటే ఆ లెక్కా నిలవదు. అయితే బరువు తగ్గకముందే లోపల మార్పు మొదలవుతుంది. ఒక్కసారి చేసిన వ్యాయామం తర్వాత ఒకటి రెండు రోజుల పాటు కండరాలు ఇన్సులిన్ మాట బాగా వింటాయి, అంటే రక్తంలోని చక్కెరను మరింత సులువుగా లోపలికి తీసుకుంటాయి. రక్తపోటు కొన్ని గంటల పాటు తగ్గి ఉంటుంది. కాటా వీటిని చూపలేదు. పొట్టకు మాత్రమే వ్యాయామం చేస్తే పొట్ట మాత్రమే కరుగుతుందన్న నమ్మకానికీ ఆధారం లేదు: 1971లో టెన్నిస్ ఆటగాళ్లను పరీక్షించినప్పుడు, ఏళ్ల తరబడి రాకెట్ పట్టిన చేతిలో కండ ఎక్కువగా ఉన్నా, చర్మం కింది కొవ్వు మందం రెండు చేతుల్లోనూ ఒకే తీరుగా ఉంది.

అపోహ: ఇంటిపని చేసే స్త్రీకి వేరే వ్యాయామం అక్కర్లేదు; బరువులెత్తితే ఒళ్లు మగవారిలా మారుతుంది.

ఈ రెండు మాటలూ కలిసి స్త్రీలకు చేసిన అన్యాయం పెద్దది. రోకలితో వడ్లు దంచి, తిరగలి తిప్పి, పొత్రం పట్టి పిండి రుబ్బి, బావి నుంచి బిందెలు మోసిన తరానికి మొదటి మాట చాలావరకు వర్తించేది. మిక్సీ, గ్రైండరు, కుళాయి వచ్చాక మిగిలిన ఇంటిపనిలో ఎక్కువ భాగం పొయ్యి ముందు గంటల తరబడి నిలబడడమే, దానిలో అలసట ఉంది గాని గుండెకూ కండకూ కావలసిన శ్రమ తక్కువ. రోజంతా ఎవరో ఒకరి అవసరానికి అందుబాటులో ఉండవలసిన మనిషికి అరగంట బయటికి వెళ్లడమే కష్టమన్నది నిజమైన అడ్డంకి. దాన్ని తొలగించవలసింది ఇంట్లోని మిగతావారు.

నడకతో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని కావాలని మార్గదర్శకాలు స్త్రీ పురుషులిద్దరికీ ఒకే విధంగా చెబుతున్నాయి. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచారు; ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ స్థాయికి చేరడానికి ఏళ్ల తరబడి సాధన కావాలి, రెండు కిలోల డంబెల్ పట్టినంతలో ఎవరి ఆకారమూ మారిపోదు. కండను బాగా పెంచే టెస్టోస్టిరాన్ అనే హార్మోను స్త్రీలలో పురుషుల కంటే ఎన్నో రెట్లు తక్కువగా ఉంటుంది. మరోవైపు ముట్లు ఆగిన తర్వాత ఎముకలు త్వరగా పలచబడతాయి గనుక, బరువు మోసే వ్యాయామం అవసరం స్త్రీలకే ఎక్కువ. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి పది సార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి దండీలు తీయడం, ఒక లీటరు నీళ్ల సీసాలను రెండు చేతులా భుజాల పైకెత్తడం – ఇంతటితో మొదలుపెట్టవచ్చు.

నడిస్తే, పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయన్న భయానికి జవాబు క్లుప్తంగా చెప్పవచ్చు. 2017లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల సరదాగా పరుగెత్తేవారిలో 3.5 శాతం మందికి, పరుగెత్తని వారిలో 10.2 శాతం మందికి కనిపించింది. పోటీల కోసం పరుగెత్తేవారిలో మాత్రం అది 13.3 శాతం. ఇప్పటికే కీళ్ల జబ్బు ఉన్నవారు ఏ వ్యాయామం తమకు తగునో వైద్యుని అడిగి మొదలుపెట్టాలి.

అపోహ: తెల్లవారుజామున పరగడుపున చేసేదే వ్యాయామం; మధ్యలో ఒక్కరోజు తప్పితే మళ్లీ మొదటికే వస్తుంది.

ఉదయపు నడకకున్న గొప్ప సుగుణం, ఆ వేళకు ఇంకెవరి పనీ అడ్డురాకపోవడం. ఫలితం ఆ వేళకే పరిమితం కాదు. న్యూజిలాండ్‌లో మధుమేహ రోగులపై జరిగి 2016లో వెలువడిన పరిశోధనలో, రోజులో ఏదో ఒక వేళ అరగంట నడిచిన దానికన్నా మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడిచినప్పుడు భోజనానంతర చక్కెర సగటున 12 శాతం, రాత్రి భోజనం తర్వాత 22 శాతం తక్కువగా నమోదైంది. రాత్రి కూడా అన్నమే తినే ఇళ్లకు ఇది ఎంతో పనికివచ్చే సంగతి. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గాని వాడుతున్నవారు పరగడుపున ఎక్కువసేపు నడిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఇక రోజు తప్పడం గురించి: లాలీ బృందం గమనించిన వారిలో ఒక్కరోజు తప్పినందువల్ల అలవాటు కుదిరే క్రమానికి చెప్పుకోదగ్గ ఆటంకం కలగలేదు. పెళ్లి ప్రయాణం, జ్వరం, మే నెల వడగాలులు, ఆగని వాన అందరి రోజుల్లోకీ వస్తాయి. రెండు మూడు వారాలు పూర్తిగా ఆగితే గుండె, ఊపిరితిత్తుల దమ్ము కొంత తగ్గేమాట నిజమే గాని కండబలం అంతకన్నా నెమ్మదిగా తగ్గుతుంది, తిరిగి మొదలుపెట్టినప్పుడు మొదటిసారి కన్నా త్వరగా వస్తుంది. తిరిగి మొదలుపెట్టే రోజున పాత వేళ, పాత దారి, పాత సూచన అలాగే ఉంచుకొని దూరాన్ని సగానికి తగ్గించుకుంటే చాలు. ఆయాసం లేకుండా ఆ సగం పూర్తవుతున్న కొద్దీ వారానికి కొంత చొప్పున పెంచుకుంటూ మునుపటి మలుపు దాకా వెళ్లవచ్చు.