పిచ్చిగీతలో బొమ్మను చూపిన టామ్ హాటెన్

పత్రికలో అచ్చయిన బొమ్మ, దాచుకొన్నవారి యింట ఎన్నేండ్లయినను నిలిచియుండును. రచయిత గతించినను గ్రంథము మిగులును. ప్రసారకుని కృషికి ఆ భాగ్యము అరుదు. చెప్పిన మాట గాలిలో కలిసిపోవును. చూచినవారి జ్ఞాపకమే దానికి ఉనికిపట్టు. కావున ఒక ప్రసారకుని స్మరింపదలచినచో, ఆయన చేసిన పని యెట్టిదో ముందుగా వివరింపవలసియుండును. అమెరికాలో లాస్ ఏంజెల్స్ నగరపు కె.టి.ఎల్.ఎ. టెలివిజన్ కేంద్రమున పిల్లలకు ప్రియవ్యాఖ్యాతగా పేరొందిన టామ్ హాటెన్ 2019 మార్చి 16వ తేదీన, 92 యేండ్ల వయస్సున కన్నుమూసిరి. వారి కీర్తి ప్రపంచమంతట వ్యాపించినది కాదు. కాని దక్షిణ కాలిఫోర్నియాలో రెండు తరముల పిల్లలు వారిని తమ యింటి మనిషివలె ఎరుగుదురు.

హాటెన్ 1926 నవంబరు 14న ఉత్తర డకోటా రాష్ట్రమందలి జేమ్స్‌టౌన్‌లో జన్మించిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున నౌకాదళములో పనిచేసి, పిమ్మట పాసడీనా ప్లేహౌస్ అను ప్రసిద్ధ నాటకశాలలో నటన అభ్యసించిరి. 1950ల తొలి సంవత్సరములలో కె.టి.ఎల్.ఎ. కేంద్రమున అనౌన్సరుగా చేరిరి. ఆ కేంద్రము 1947 జనవరిలో వాణిజ్య ప్రసారములు ఆరంభించినది. ఆ దినములలో కార్యక్రమములు చాలవరకు అప్పటికప్పుడు ప్రసారమగుచుండెడివి. అనౌన్సరు వార్త చదువవలెను, సరకును ప్రశంసింపవలెను, ఎక్కడైన ఖాళీ యేర్పడినచో తన మాటలతో పూరింపవలెను.

వారికి కీర్తి తెచ్చిన పాత్ర పొపాయ్ అను ఒంటికంటి నావికుడు. ఈతని పుట్టుక వార్తాపత్రికలోని బొమ్మలకథలో జరిగినది. ఇ. సి. సీగర్ అను చిత్రకారుడు 1919 డిసెంబరులో ‘థింబుల్ థియేటర్’ అను బొమ్మలకథను ప్రారంభించెను. తొమ్మిది సంవత్సరములు నడచిన పిదప, 1929 జనవరి 17న, కథలోనివారికి ఓడ నడపువాడొకడు కావలసివచ్చి పొపాయ్ ప్రవేశించెను. కొలది దినములకై వచ్చిన ఈ కూలివాడు పాఠకుల ఆదరముచేత కథానాయకుడై కూర్చుండెను. 1933లో ఫ్లైషర్ సోదరులు ఈతనిని కార్టూను చలనచిత్రములలోనికి తెచ్చిరి. 1935లో రేడియోకును వచ్చెను. అచ్చట ఒక వింత జరిగినది. కార్యక్రమమునకు ధనమిచ్చినవారు వీటీనా అను గోధుమ ఆహారమును తయారుచేయువారగుటచే, పాలకూర తిని బలము పొందవలసిన పొపాయ్ రేడియోలో ఆ గోధుమజావ త్రాగి బలవంతుడయ్యెను! పిల్లల కథకు ప్రకటనదారుని చేయి ఎంతవరకు చాగునో ఇందువలన తెలియును. ఈ విషయము మరల ప్రస్తావనకు వచ్చును.

1956లో పొపాయ్ పాత చిత్రములు రెండువందలకు పైగా టెలివిజన్ కేంద్రములకు లభ్యమయ్యెను. సినిమాహాళ్లలో అసలు చిత్రమునకు ముందు చూపుటకై తీసినవి గనుక ఒక్కొక్కటి ఆరేడు నిమిషములకు మించదు. అరగంట కార్యక్రమము కావలెనన్న మూడు నాలుగు చిత్రములను, వాని నడుమ ప్రకటనలను కూర్చవలెను. ఈ ముక్కలను దండగా గ్రుచ్చుటకు ఒక మనిషి అవసరమయ్యెను. అందుచేతనే ఆ కాలమున అమెరికాలో అనేక నగరముల కేంద్రములయందు నావికుల, కౌబాయిల, విదూషకుల వేషములు ధరించిన స్థానిక వ్యాఖ్యాతలు వెలసిరి. సినిమా అన్ని యూళ్లకు ఒక్కటే. వ్యాఖ్యాత మాత్రము ఏ యూరికి ఆ యూరివాడు. కె.టి.ఎల్.ఎ.లో ఆ పని హాటెన్‌కు దక్కినది. నావికుని దుస్తులు ధరించి వారు పిల్లల యెదుటికి వచ్చిరి.

వారి చేతిలో ఒక విద్య కలదు. మాటలాడుచునే చకచక బొమ్మలు గీయగలరు. పొపాయ్ ముఖమును ఏ వంపుతో మొదలుపెట్టి ఏ గీతతో ముగింపవలెనో పిల్లలకు చూపించెడివారు. అంతకంటె ప్రసిద్ధమైనది పిచ్చిగీతల ఆట. ఒక బిడ్డ కాగితముపై తనకు తోచిన వంకరగీత నొకదానిని గీయును. హాటెన్ దానిని చెరపక, దానికే మరికొన్ని గీతలు చేర్చి, ఒక రూపమును తెప్పించెడివారు.

ఈ చిన్న ఆటలో పెద్ద భావము ఇమిడియున్నది. తెరపై కదలు కార్టూను బిడ్డకు మంత్రమువలె తోచును. అది యెట్లు పుట్టినదో తెలియదు. హాటెన్ గీయునప్పుడు బొమ్మ ఒక్కొక్క గీతగా కన్నులయెదుట రూపొందును. ఇది మనిషి చేతిపని యనియు, తానును ప్రయత్నింపవచ్చుననియు బిడ్డ గ్రహించును. పైగా మొదటి గీత బిడ్డది. తప్పుగీత యనునది ఆ ఆటలో లేదు. చూచుట తప్ప వేరు పనిలేని ప్రేక్షకుని బొమ్మలో భాగస్వామిగా చేయుటయే హాటెన్ సాధించిన విజయమని మేము భావింతుము.

ఇట్టి వ్యాఖ్యాతలు క్రమముగా కనుమరుగగుటకు కారణములు కలవు. పిల్లలు నమ్మిన వ్యాఖ్యాతయే తన కార్యక్రమమున సరకులను కొనుమని చెప్పుట ఆనాటి వాడుక. ఇది పసివారి నమ్మకమును అమ్ముకొనుటయే యని తల్లులు ఆక్షేపించిరి. 1968లో బోస్టన్ ప్రాంతమున పిల్లల టెలివిజన్ మేలుకొరకు ఒక సంఘము ఏర్పడినది. 1974లో అమెరికా ప్రసారములను నియంత్రించు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, వ్యాఖ్యాతలు తమ కార్యక్రమములలో సరకులను ప్రశంసించు పద్ధతి తగదని విధాన ప్రకటన చేసినది. ఆ నిర్ణయము న్యాయమైనదే. కాని ప్రకటనల రాబడి తగ్గగా, స్థానిక కార్యక్రమమునకు వ్యయపెట్టువారును తగ్గిరి. అంతటను ఒకేవిధముగా ప్రసారమగు తయారు కార్యక్రమములు ఆ స్థలము నాక్రమించెను. దోషముతో పాటు గుణమును పోయినది.

హాటెన్ మాత్రము నిలిచిరి. 1960లలో ఆగిన పొపాయ్ కార్యక్రమమును 1970లలో తిరిగి చేపట్టిరి. 1978 నుండి ‘ఫ్యామిలీ ఫిల్మ్ ఫెస్టివల్’ అను పేర పాత చలనచిత్రములను ప్రదర్శించుచు, వానిలో నటించినవారిని రప్పించి ముచ్చటించిరి. కె.ఎన్.ఎక్స్. రేడియోలో వినోదరంగ విలేఖరిగా పెక్కేండ్లు పనిచేసిరి. 1982 నాటి ‘ది సీక్రెట్ ఆఫ్ నిమ్’ అను కార్టూను చిత్రమున రైతు పాత్రకు గాత్రమిచ్చిరి.

1956లో దృశ్యమును ముద్రించు టేపు వాడుకలోనికి వచ్చినది. రెండంగుళముల వెడల్పుగల ఆ టేపు మిక్కిలి ఖరీదైనది. చెరిపి మరల వాడుకొనుట అనేక కేంద్రములలో రివాజయ్యెను. ఆ కారణమున తొలినాటి స్థానిక ప్రసారములు అనేకము శాశ్వతముగ నశించినవి. సీగర్ గీసిన బొమ్మలు గ్రంథములుగా నేటికిని లభించును. వానిని ప్రేమించి పిల్లలకు పంచిపెట్టిన ప్రసారకుల నిత్యకృషి చాలవరకు దొరకదు. ప్రసారవృత్తిలోనున్న మేము ఈ నష్టమును ఎరుగుదుము.

అయినను ఆ పిచ్చిగీతల ఆటకు టేపుతో పనిలేదు, టెలివిజనుతోను పనిలేదు. సాయంకాలమున మీ యింటి బిడ్డచేతికి ఒక కాగితమును, పెన్సిలును ఇచ్చి, తోచిన గీత గీయుమనుడు. దానిని చెరపకుడు. అందులో పక్షి కలదో, పడవ కలదో, తాతగారి ముక్కు కలదో కలిసి వెదకుడు. టామ్ హాటెన్‌కు అంతకుమించిన నివాళి మాకు తోచుటలేదు.