రెండింతలైన ఆక్జాలిక్ ఆమ్లం

హోసూరులో ప్లస్ టూ చదువుతున్న మా తమ్ముడి కూతురు ఆ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. ‘‘పెదనాన్నా, రేపు కెమిస్ట్రీ రికార్డు చూపించాలి. నా లెక్క పక్క టేబుల్ అమ్మాయి లెక్కకు రెట్టింపు వస్తోంది. ఇద్దరం ఒకే సీసాలోంచి తీసుకున్నాం’’ అంది. రేపు కొత్తగా టైట్రేషన్ చేయనివ్వరు, మార్కులు పోతాయని గొంతులో ఏడుపు.

ఈ పిల్ల పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. ప్లస్ వన్‌లో ఇంగ్లిషు మాధ్యమానికి మారింది. లేబొరేటరీలో అటెండరు, సగం మంది పిల్లలు తమిళం మాట్లాడతారు. కాబట్టి ఒకే పనికి మూడు పేర్లు: తెలుగులో అంశమాపనం, ఇంగ్లిషులో టైట్రేషన్, తమిళంలో తరంపార్తల్. పేర్ల సంగతి పిల్లలు సర్దుకుంటారు. ఇబ్బంది వచ్చింది మరోచోట.

రీడింగులు చదవమన్నాను. బాగానే తీసింది. 20 మి.లీ. ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ ద్రావణానికి (0.1 నార్మల్) పొటాషియం పర్మాంగనేట్ 19.8 మి.లీ. పట్టింది. అంటే పర్మాంగనేట్ నార్మాలిటీ 20 × 0.1 ÷ 19.8 = 0.1010. తరవాత గాఢత తెలియని ఆక్జాలిక్ ఆమ్లం 20 మి.లీ.కి అదే పర్మాంగనేట్ 20.2 మి.లీ. ఖర్చయింది. ఆమ్లం నార్మాలిటీ 20.2 × 0.1010 ÷ 20 = 0.1020. ఇంతవరకు తప్పు లేదు.

‘‘చివర దేంతో గుణించావమ్మా?’’

‘‘126తో. 12.85 గ్రాములు వచ్చింది.’’

‘‘126 ఎవరు చెప్పారు?’’

కాసేపు పలకలేదు. ‘‘కుప్పం బావ. వాట్సాప్‌లో అడిగితే పంపాడు’’ అంది.

మా చెల్లెలి కొడుకు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ చదివాడు, తెలివైనవాడే. వాడు చెప్పింది అబద్ధం కాదు. రెండు స్ఫటిక జలాణువులు కలిగిన ఆక్జాలిక్ ఆమ్లం అణుభారం 126. కానీ వాడు నేర్చుకున్నది మోలారిటీ లెక్క. ఎన్‌సీఈఆర్‌టీ ప్రయోగ పుస్తకంలోనూ ఈ టైట్రేషన్ మోలారిటీలోనే ఉంటుంది. తమిళనాడు ప్లస్ టూ ప్రాక్టికల్స్‌లో నార్మాలిటీతో చేయిస్తారు. నార్మాలిటీని గుణించాల్సింది తుల్యభారంతో. ఆక్జాలిక్ ఆమ్లం అణువు ఈ చర్యలో రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది కనుక దాని తుల్యభారం 126లో సగం, 63. 0.1020 × 63 = లీటరుకు 6.43 గ్రాములు. పక్క టేబుల్ అమ్మాయి జవాబు అదే.

బావ దారిలో చివరి దాకా వెళ్లినా ఇదే జవాబు వస్తుంది. పర్మాంగనేట్ అయిదు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, కాబట్టి దాని మోలారిటీ 0.1010లో అయిదో వంతు, 0.0202. రెండు పర్మాంగనేట్ అణువులకు అయిదు ఆక్జాలిక్ అణువులు కావాలి. ఆ నిష్పత్తి వేస్తే ఆమ్లం 0.0510 మోలార్. దాన్ని 126తో గుణించండి, మళ్లీ 6.43. మా పిల్ల సగం దూరం బడి దారిలో నడిచి, చివరి అడుగు బావ దారిలో వేసింది.

సరిహద్దు జిల్లాల్లో మన పిల్లలకు ఈ చిక్కు తరచూ వస్తుంది. ట్యూషన్‌కు వెళ్లే స్తోమత లేనివాళ్లు చుట్టాలనే అడుగుతారు, ఆ చుట్టాలేమో వేరే రాష్ట్రం సిలబస్ చదివినవాళ్లు. అడగొద్దని నేను అనను. తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాన్ని పక్కన పెట్టుకుంటే పదో తరగతిలో విన్న మాటలకూ కొత్త ఇంగ్లిషు మాటలకూ లంకె కుదురుతుంది, ఆ మేలు తక్కువది కాదు. కాకపోతే అడిగేటప్పుడు ‘జవాబు పంపు’ అనకుండా, ప్రామాణిక ద్రావణం ఏది, దాని గాఢత నార్మాలిటీలో ఇచ్చారా మోలారిటీలో ఇచ్చారా, పిపెట్‌తో ఎంత తీశాం, బ్యూరెట్ రీడింగులు ఎన్ని అన్నీ పంపాలి. ఆ ఫోటోలో ‘ఎన్’ అక్షరం కనిపించి ఉంటే మా మేనల్లుడు 126 అని చెప్పేవాడు కాదు.

ఫోన్ పెట్టే ముందు ఇంకో అనుమానం అడిగింది. మొదటిసారి ఆక్జాలిక్ ఆమ్లంలో లేత గులాబీ రంగు రాకుండా గోధుమ రంగు మురికిలా తిరిగిందట, ఆ రీడింగు కొట్టేసిందట. మంచి పని చేసింది. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం చాలకపోతే మాంగనీస్ డయాక్సైడ్ ఏర్పడి అలా అవుతుంది. ఈ ద్రావణాన్ని 60–70 డిగ్రీలకు వేడి చేయాలి, లేకపోతే చర్య మొదట్లో నత్తనడక నడుస్తుంది. ఫెర్రస్ లవణానికి ఆ వేడి అక్కర్లేదు. సల్ఫ్యూరిక్ బదులు హైడ్రోక్లోరిక్ పోస్తే పర్మాంగనేట్ దాన్నీ ఆక్సీకరణం చేసి ఎక్కువ ఖర్చవుతుంది. పర్మాంగనేట్ ముదురు రంగు వల్ల బ్యూరెట్‌లో కింది వంపు కనిపించదు, పై అంచునే చూడాలి. ఇది మాత్రం తనకు తెలుసంది, కాస్త గర్వంగానే.

మర్నాడు సాయంత్రం రికార్డులో సంతకం పడిందని మెసేజ్ పెట్టింది. దాని కిందే ఇంకో వాక్యం: ‘‘బావ నార్మాలిటీ అంటే ఏంటో నేర్పమంటున్నాడు, ఆదివారం వస్తాడట.’’